దూరగురి పద్యానికి టీకా తాత్పర్యం

గుండు పెద్దది వలదయ్య, కొత్తవాడ!
సగము రొక్కంబు నద్దాల సంత నిడుము
లావు గొట్టంబు మేలగు లక్ష్యమునకు
మిగులు డబ్బంత మందుకే, మిత్రవర్య!

అవతారిక: కవి పేరు చెప్పుకోలేదు. టెక్సస్‌లో వెయ్యి గజాల రేంజికి కొత్తగా వచ్చిన తెలుగు సాఫ్ట్‌వేరు కుర్రవాడికి, అక్కడ ఏళ్ళ తరబడి కాలుస్తున్న పెద్దాయన చేసిన ఉపదేశమిది. కుర్రవాడి జేబులో మూడు వేల డాలర్లున్నాయి, మనసులో సినిమా స్నైపరున్నాడు. పద్యం రెండోవాణ్ణి ఉద్దేశించి పుట్టింది.

అధికారి నిర్ణయం: శాస్త్రం ఎవరు చదవవచ్చునో ముందు తేల్చాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాడు ముఖ్యాధికారి. హెచ్-1బి వాడికి తుపాకి కొనడం అమెరికా ఫెడరల్ చట్టంలో సామాన్యంగా నిషిద్ధం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే ఆ నిషేధానికి మినహాయింపు దొరుకుతుంది. కాగితాన్ని కొట్టడానికి జింకల లైసెన్సేమిటని అడగరాదు. విధివాక్యం హేతువు చెప్పదు.

టీక: కొత్తవాడ = భుజం ఇంకా కమలనివాడా; పెద్దది గుండు = .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, .338 లపువా మాగ్నమ్ వగైరా; వలదయ్య = వద్దు బాబూ; సగము రొక్కంబున్ = ఉన్న డబ్బులో సగం; అద్దాల సంతన్ = స్కోపులమ్మే చోట; ఇడుము = పెట్టు; లక్ష్యమునకు = కాగితానికి, ఉక్కు పలకకు మాత్రమే; లావు గొట్టంబు = బరువైన బ్యారెల్; మేలగు = మంచిది; మిగులు డబ్బంత = మిగిలిన సొమ్మంతా; మందుకే = తూటాలకే. ఈ చివరి మాటకు వేరే అర్థం తోచినవాణ్ణి రేంజి గేటు దగ్గరే ఆపేస్తారు, అది న్యాయమే.

తాత్పర్యం: ఓ కొత్తవాడా, ఫిరంగి కొనకు. మంచి స్కోపు, బరువైన బ్యారెల్ కొనుక్కుని, మిగిలింది తూటాలుగా కాల్చెయ్.

విశేషాలు: ఇక్కడ పూర్వపక్షం. దూరం పోవాలంటే పెద్ద గుండే కావాలి గదా? వెళుతుంది, కాదనం. కాని .338 లపువా సైన్యపు స్నైపర్ల కోసం పుట్టినది. తూటా ఒక్కంటికి నాలుగైదు డాలర్ల పైమాట. పదిసార్లు పేల్చేసరికి కొత్తవాడు ట్రిగ్గరు నొక్కకముందే కళ్ళు మూస్తాడు. అలా కన్ను మూసి కాల్చే అలవాటు వదిలించుకోవడానికి పట్టే తూటాల ఖర్చుతో ఇంకో రైఫిలే వస్తుంది.

మరి ఏది కొనాలి? ప్రాచీనులు .308 విన్‌చెస్టర్ అంటారు. అది 1952 నాటిది, బ్యారెల్ ఎక్కువకాలం మన్నుతుంది. నవీనులు 2007లో హార్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ అంటారు. మేము నవీన పక్షం. కారణం గాలి. గంటకు పది మైళ్ళ పక్కగాలి వీస్తే వెయ్యి గజాల దగ్గర 6.5 గుండు సుమారు ఆరడుగులు పక్కకు కొట్టుకుపోతుంది, .308 సుమారు తొమ్మిది. కొత్తవాడు గాలిని తప్పుగానే అంచనా కడతాడు. ఆ తప్పును తక్కువ శిక్షతో వదిలే తూటాయే వాడికి గురువు.

క్రీడ్‌మూర్ అంటే న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో 1873లో తెరిచిన రేంజి. మరుసటి ఏడాదే ఐర్లండ్ జట్టు అక్కడికి వచ్చి 800, 900, 1000 గజాల దూరాల్లో అమెరికన్లతో తలపడి, 934కు 931తో ఓడింది. ఐరిష్ వారిలో ఒకాయన గుండు సరిగ్గా నడిబొడ్డునే తగిలింది, కాకపోతే పక్క లక్ష్యం నడిబొడ్డున. దానికి సున్నా వేశారు. అది లెక్కకు వచ్చి ఉంటే నాలుగు పాయింట్లు. ఈ కథ చదివాక కూడా క్యాలిబర్ గురించే వాదించేవాణ్ణి కవి చూసి ఉంటాడు.

"సగము రొక్కంబు" అతిశయోక్తి కాదు. వంద గజాలకు సరిచేసిన 6.5 రైఫిల్ వెయ్యి గజాల దగ్గర పాతిక అడుగులకు పైగా కిందికి కొడుతుంది. దాన్ని సవరించడానికి స్కోపు మీది మరను దాదాపు తొమ్మిది మిల్లుల (మిల్లంటే కోణపు కొలత) మేర తిప్పాలి, అంటే వేలికింద తొంభై క్లిక్కులు. చవక స్కోపు మర వాటిని నూటికి అయిదు వంతులు తప్పు లెక్కపెడితే చాలు, గుండు పదహారు అంగుళాలు పైకో కిందికో పోతుంది. కాల్చినవాడు తుపాకిని తిడతాడు. లోపలి గీతలు మిల్లుల్లో, బయటి మర నిమిషాల్లో (ఇది ఇంకో కోణపు కొలత) ఉన్న స్కోపులూ అమ్ముతారు. అది రెండు పడవల మీద కాళ్ళు.

లావు గొట్టం తొందరగా వేడెక్కదు, అంతే. మోసుకు తిరగాలంటే నడుం విరుగుతుంది గాని, ఈ కుర్రవాడు పడుకునే కాలుస్తాడు. గొట్టం తుపాకి చెక్కకు (స్టాకుకు) తగలకూడదన్నదే అసలు సంగతి. కౌంటరు దగ్గరే ఒక డాలరు నోటు మడిచి గొట్టం కింద దూర్చి వెనక్కి లాగి చూడాలి. ఎక్కడా పట్టకుండా చాంబరు దాకా జారితే మంచిది. గొట్టం లోపలి మెలిక 6.5కు ఎనిమిది అంగుళాలకొక చుట్టు ఉండాలి. పొడుగు గుండును స్థిరంగా తిప్పేది అదే.

నాలుగో పాదం అందరూ చదివి వదిలేసేది. మూడు వేలూ రైఫిలుకీ స్కోపుకీ పోసి, నెలకొక పెట్టె తూటాలతో సరిపెట్టుకునేవారు రేంజి నిండా ఉన్నారు. డబ్బు మరీ కరువైతే .22 రైఫిల్‌తో రెండు వందల గజాల దగ్గర సాధన చేయడం మేలు. ఆ చిన్న గుండును గాలి ఎంత ఆడిస్తుందంటే, నెల తిరక్కుండా గాలి చదవడం వచ్చేస్తుంది.

"మిత్రవర్య" అన్న సంబోధన వల్ల వక్త దుకాణదారు కాడని తేలుతోంది. దుకాణదారే అయితే మొదటి పాదం పలకడు.