యూనిటీ: ఒక అంతరిక్ష నౌక ఆత్మకథ

యూనిటీ అనే అంతరిక్ష నౌక తన కథను తన పుట్టుకతో కాక, తనకు అన్న వరుసైన ఎంటర్‌ప్రైజ్ మరణంతో మొదలుపెట్టుకోవాలి. తన నిర్మాణంలోని కీలకమైన మార్పు ఆ మరణం వల్లనే వచ్చింది. ఈ జాతి నౌకలు నేల మీది నుంచి లేచే రాకెట్లు కావు. ఒక పెద్ద విమానం సుమారు 45 వేల అడుగుల ఎత్తుకు మోసుకుపోయి విడిచిపెడితే, అక్కడ రాకెట్ ఇంజను మండించుకుని నిమిషం పాటు పైకి దూసుకుపోతాయి. దిగేటప్పుడు తోకభాగాన్ని పైకి మడిచి, బ్యాడ్మింటన్ కాక్ లాగా గాలికి ఎదురొడ్డి వేగం తగ్గించుకుంటాయి. ‘ఫెదర్’ అనే ఆ మడత తోకకు ఒక తాళం ఉంటుంది. ధ్వనివేగానికి 1.4 రెట్లు చేరాక తీయవలసిన ఆ తాళాన్ని 2014 అక్టోబరు 31న మొహావీ ఎడారి మీద సహపైలట్ ధ్వనివేగమైనా అందకముందే తీయడంతో, గాలి ఒత్తిడికి తోక దానంతటదే లేచి ఎంటర్‌ప్రైజ్ ముక్కలైంది. ఆయన మరణించగా, పైలట్ పారాచూట్‌తో బతికి బయటపడ్డాడు. అయితే అమెరికా రవాణా భద్రతా బోర్డు నేరమంతా ఆ చేతి మీదికి నెట్టలేదు. ఒక్క మనిషి చేసే ఒక్క పొరపాటు నౌకను కూల్చగలదని ముందుగా ఊహించి అడ్డుకట్ట వేయని నిర్మాతల వైఫల్యాన్నే అసలు కారణంగా తేల్చింది. 2016లో లోకం ముందుకు వచ్చిన యూనిటీలో, తాళం వేళకాని వేళ తెరుచుకోకుండా యాంత్రికమైన అడ్డు అమర్చారు.

తాడేపల్లి, తెనాలి, చీరాల ప్రాంతాలవారికి ఈ నౌక పేరు తెలిసింది గుంటూరు మూలాలున్న బండ్ల శిరీష వల్ల. 2021 జూలై 11న ఆరుగురితో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లిన ఆ యాత్రలో, భారరహిత స్థితిలో మొక్కల స్పందనను పరీక్షించే ప్రయోగాన్ని ఆమె నిర్వహించారు. మన పత్రికల్లో సంబరం నిండుగా కనిపించింది, సహజమే. కానీ దిగే దారిలో నౌక తనకు కేటాయించిన గగనతలం దాటి 1 నిమిషం 41 సెకన్లు బయట ఉందన్న సంగతికి ఆ పాటి చోటు దక్కలేదు. పై ఎత్తులోని గాలులే కారణమని నౌకను నడిపే సంస్థ వివరించినా, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ యూనిటీని సెప్టెంబరులో కొన్ని వారాలు నేల మీదే నిలిపివేసింది.

ఆ నియంత్రణ సంస్థ అధికారం ప్రధానంగా నేల మీది ప్రజల, వారి ఆస్తుల రక్షణకే పరిమితం. విమానానికి ఇచ్చినట్టు ప్రయాణికుల భద్రతకు పూచీపడే ధ్రువపత్రం ఇలాంటి నౌకకు ఉండదు. ప్రాణాపాయం ఉందని రాతపూర్వకంగా తెలియజేసి, ఎక్కేవారి చేత సమ్మతి సంతకం తీసుకుంటే చాలు. 2024 జూన్ 8న చివరిసారి ఎగిరి విరమించేదాకా యూనిటీకి వర్తించిన చట్టం ఇదే.