మాస్టారి బిస్కెట్ విద్య: దోర్నపాల్ చిట్కాలు

ఛత్తీస్‌గఢ్‌లో సుక్మా నుంచి కుంట వెళ్ళే 30వ నంబరు హైవే మీద, దోర్నపాల్‌లో మీకు పోస్టింగు పడిందా? కంగారు పడకండి. మీది పోర్టా క్యాబిన్ బడి కానీ, పక్కా బిల్డింగు కానీ, ఈ చిట్కాలు పాటిస్తే చదువు చెప్పే బాధ పూర్తిగా తప్పుతుంది.

1. ముందు ఒక బిస్కెట్ల డబ్బా, ఒక బెత్తం కొనండి. పుస్తకాలు తర్వాత చూసుకోవచ్చు. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షను కొట్టొద్దంది కాబట్టి బెత్తాన్ని బల్ల మీద పడుకోబెట్టండి. పడుకున్న బెత్తం మీద కేసు లేదు. గోడకుర్చీ వేయించినప్పుడు ఎవరైనా వస్తే, వ్యాయామం పీరియడ్ అనండి.

2. ఇంట్లో దోర్లీ, గోండీ మాట్లాడే పిల్లలకు హిందీ పాఠం గడగడా చదివేసి "అర్థమైందా?" అనండి. "జీ సర్" అన్నవాడికి బిస్కెట్. వారం తిరిగేసరికి అందరికీ అన్నీ అర్థమైపోతాయి.

3. ఎవరైనా నిలదీస్తే స్కిన్నర్ పేరు చెప్పండి. గింజలు వేసి పావురాల చేత పింగ్‌పాంగ్ ఆడించిన అమెరికా పెద్దమనిషి. టోల్‌మన్, హాంజిక్ అనే పరిశోధకుల ఎలుకల సంగతి (1930) మాత్రం ఎత్తకండి. చిక్కుదారుల పెట్టెలో పది రోజులు తిండి ఆశ లేకుండా ఊరికే తిరిగిన ఎలుకలవి. పదకొండో రోజు తిండి పెట్టగానే వాటి తప్పులు చటుక్కున తగ్గిపోయాయి. అంటే ఆ పది రోజులూ దొంగచాటుగా నేర్చుకుంటూనే ఉన్నాయన్నమాట! ఇలాంటి ఎలుకలు మన వృత్తికి చేటు.

4. అసలు ప్రమాదం సంతలో ఉంది. మీ నాలుగో తరగతి పిల్ల అక్కడ రెండున్నర కిలోల ఇప్పపువ్వు అమ్ముతుంటుంది. కిలో 40. షావుకారు పువ్వు పిసికి చూసి, తడిగా ఉందని పావుకిలో తరుగు తీసి, 85 చేతిలో పెడతాడు. ఆ పిల్ల కదలదు. "ఇంకో అయిదు రావాలి సేటూ" అంటుంది, తెలుగులో! ఆ తెలుగు ఎవరు నేర్పారు? ఆ లెక్కకు బిస్కెట్ ఎవరిచ్చారు? ఇంక మీరెందుకు?

5. దీనికి మందుంది. బొమ్మలంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు, వేస్తే బహుమతి ఇస్తామని ముందే ఆశపెట్టి ఇచ్చారు లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు (1973). తర్వాత ఆ పిల్లలకు బొమ్మల మీద మోజు తగ్గింది. మీరూ అంతే చేయండి. ఆ పిల్ల చెప్పే ప్రతి లెక్కకూ ఒక బిస్కెట్. రోజూ, మానకుండా.

6. నెల గడిచాక డబ్బా మూసేయండి. పిల్ల నోరు మూస్తుంది. రిజిస్టరులో "ఆసక్తి లేదు" అని రాసుకోండి.

7. ఆపైన ఓసారి సంతకు వెళ్ళండి. షావుకారు 80 ఇస్తాడు. ఆ పిల్ల డబ్బు కేసి కాదు, మీ సంచీ కేసి చూస్తుంది. షావుకారు మీకు టీ తెప్పిస్తాడు. మొహమాటపడకుండా తాగండి.