ఇంటికి పట్టా, నీమోకు ఏదీ?

మా బావ హాల్లో సముద్రం పెట్టాడు. నాలుగడుగుల పొడవు, ఈశాన్యం మూల. మూల చూపించిన సిద్ధాంతి చేపను ఎక్కణ్ణుంచి తేవాలో మాత్రం చెప్పలేదు. అది కొరియర్‌లో వచ్చింది. థర్మకోల్ పెట్టె, అందులో ఆక్సిజన్ పట్టించి రబ్బరు బ్యాండు బిగించిన పాలిథిన్ కవరు, ఆ కవరులో బొటనవేలంత నారింజ చేప. నీమో.

"సముద్రంలో పట్టిందేనా బావా?"

"అక్కడ లక్షలున్నాయిరా. నా ఒక్కదానితో ఎండిపోతుందా?"

పిలవని పెళ్లికి వెళ్లి విస్తరి ముందు కూర్చున్నవాడూ ఇదే అంటాడు.

చట్టం కూడా బావ వైపే ఉన్నట్టుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, 2001లో పగడాలనూ సముద్రపు గుర్రాలనూ మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. అంటే పులి పక్కన కుర్చీ. పగడపు కొమ్మ విరిస్తే మూడేళ్లకు తగ్గకుండా జైలు. ఆ పగడపు దిబ్బల్లో కాపురముండే నీమో పేరు మాత్రం షెడ్యూల్‌లో లేదు. ఇంటికి పట్టా రాసిచ్చి, ఇంట్లోవాళ్లను కావాలంటే పట్టుకుపోండి అన్నట్టు. 2017 మేలో జంతు హింస నిరోధక చట్టం కింద కేంద్రం అక్వేరియం నిబంధనలు తెచ్చి, నీమోలాంటి చేపల్ని తొట్టెల్లో పెట్టొద్దంది. అలంకార చేపల వ్యాపారులు గోల పెట్టారు. తర్వాత ఆ నిబంధనలూ వెనక్కి వెళ్లాయి.

తొట్టిలో చిల్లులు చిల్లులుగా తెల్లటి రాయి ఒకటుంది. పగడం కదా అంటే బావ బిల్లు తెచ్చి చూపించాడు: 'డెకరేషన్ స్టోన్.' బిల్లు మీద రాయి అని ఉంటే రాయే.

తమిళనాడులోని మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్లు నీమోలతో గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచారు, అలా పెంచినవి కొనుక్కోవచ్చుగా అన్నాను. బావ నన్ను జాలిగా చూశాడు. "నాటుకోడికీ బాయిలర్‌కీ తేడా లేదురా?"

పైగా ఆయన దాన్ని కాపాడుతున్నాడట. సముద్రాలు వేడెక్కి పగడాలు తెల్లబడిపోతున్నాయట, ఇక్కడైతే చిల్లర్ ఉందట. నీమోల్లో ఆడది పోతే దాని జోడీ మగదే ఆడదవుతుంది. ఈ ఒంటరిది ఏదైతేనేం, చూసి మురిసే జోడీ ఏది?

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను, టీవీ, వైఫై ఉన్నాయి. చిల్లర్‌ను అది లాగలేదట. బావ ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తీసి, పాలిథిన్ కవరులో వేసి, రబ్బరు బ్యాండు బిగించి తొట్టిలోకి వేలాడదీశాడు. చేప బెదిరి రాయి వెనక్కి పోయింది. కవరంటే ఏమిటో దానికి తెలుసు.