ముక్కుతో తాగే కాఫీ

విశాఖలో కాపురముంటే, అరకు చూసొచ్చిన చుట్టాలందరూ మన ఇంటి మీదుగానే వెనక్కి పోతారు. పోతూ పోతూ ఓ కాఫీ గింజల పొట్లం చేతిలో పెడతారు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఈ పొట్లాల రాక మరీ ఎక్కువైంది. ఇచ్చినవాళ్ళు హాయిగా రైలెక్కుతారు. దాచలేక చచ్చేది మేము.

మా అత్తగారిది ఫ్రిజ్ పార్టీ. అందులో పెట్టింది ఏదీ చెడదని ఆవిడ గట్టి నమ్మకం. వేయించిన గింజ ఒళ్ళంతా సన్నటి రంధ్రాలే. పక్కన ఏముంటే దాని వాసన పట్టేస్తుంది. మా ఫ్రిజ్‌లో దాని పక్కన ఉండేది నిన్నటి పులుసు, సగం కోసిన పనసపండూను. పైగా చల్లటి గింజల్ని బయటికి తీసి మూత తీశామా, మా సముద్రపు గాలిలో తేమంతా వాటిమీదే చేరుతుంది. డీప్ ఫ్రీజర్‌లో నిలవుంటాయి, కాదనను. కాకపోతే చిన్న చిన్న పొట్లాలుగా గాలి చొరకుండా కట్టాలి, ఒక్కోటీ తీశాక చల్లదనం పోయేదాకా విప్పకూడదు. పొద్దున్నే, కాఫీ పడకముందే, అంత ఓపిక ఉన్న మనిషి మా వంశంలో పుట్టలేదు.

మావయ్యగారిది వాసన పార్టీ. పొట్లానికి పైన చిన్న చిల్లు ఉంటుంది, చూసే ఉంటారు. వేయించిన గింజ కొన్నాళ్ళపాటు బొగ్గుపులుసు వాయువు వదులుతూనే ఉంటుంది. అది బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు. అందుకని అక్కడో వాల్వు పెడతారు. మావయ్యగారి లెక్కలో అది ఆయన ముక్కు కోసం పెట్టింది. పేపరు ఒళ్ళో వేసుకుని, పొట్లం నొక్కి, కళ్ళు మూసుకుని పీలుస్తారు. ఇలా కాదని ఓ రోజు అత్తగారు, "చిల్లు సంచీ అంటగట్టారు" అంటూ దానికి టేపు అంటించేశారు. పొట్లం పూరీలా పొంగింది. పులిసిపోయింది పారెయ్యమని ఆవిడ, పారేస్తే ఒట్టేనని ఆయన!

"మావయ్యగారూ, మీరు పీల్చే ఘుమఘుమంతా రేపటి కాఫీలోంచి పోతున్నదేనండీ" అని నచ్చజెప్పబోయాను. నిజానికి అంతే కదా, ముక్కుకి అందినంతా గ్లాసుకి తగ్గినట్టే. (పొడి కొట్టి పెట్టుకుంటే ఇంకా అన్యాయం: గింజలో వారాలుండే రుచి పొడిలో రోజులు కూడా ఆగదు.) ఆయన కాసేపు ఆలోచించి, "డాక్టరు రెండు కాఫీలే తాగమన్నాడు గానీ, ముక్కుతో తాగేవి లెక్కపెట్టమనలేదమ్మా" అన్నారు.

వెలుతురు దూరని స్టీలు డబ్బా, బిగుతు మూత, పొయ్యికి దూరంగా అటక, పావుకిలోకి మించని సరుకు. ఇవన్నీ అమలు చేశాను. మావయ్యగారు అటక మీదికి స్టూలు వేసుకుని ఎక్కడం మొదలుపెట్టారు. డెబ్భై దాటిన మనిషి!

ఇక పచ్చి గింజలే గతి అనుకున్నాను. వేయించనివైతే, తడి తగలనివ్వకుండా చూసుకుంటే నెలల తరబడి ఉంటాయి. వారానికి సరిపడా మూకుట్లో వేయించుకోవచ్చు. తెప్పించాను. మావయ్యగారు సంచీ మూతి విప్పి ముక్కు పెట్టారు. తీశారు. మళ్ళీ పెట్టారు. పచ్చి గింజకి ఎండుగడ్డి వాసన తప్ప మరోటి ఉండదు.

"గడ్డి తెచ్చావు సరే, ఆవెప్పుడొస్తుందమ్మాయ్?" అన్నారు.