కాష్ క్లియర్ చేశావా నాయనా?

కాలేజీ ఈ-లెర్నింగ్ పోర్టల్లో ఫైలు దిగడం లేదని ఐటీ సెల్‌కు ఫోన్ చేస్తే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏళ్లు గడిచినా మారలేదు: ‘‘కాష్ క్లియర్ చేశావా?’’ చేశాను సార్ అంటే బ్రౌజర్ మార్చమంటారు. మార్చాను సార్ అంటే ఇన్‌కాగ్నిటోలో తెరవమంటారు. అదీ అయ్యాక ఫోన్ ఆపి ఆన్ చెయ్యమంటారు, రౌటర్ ప్లగ్గు పీకి పెట్టమంటారు, చివరికి ‘‘మీ ఊళ్లో సిగ్నల్ ఎలా ఉంటుంది?’’ అని జాతకం అడుగుతారు. జబ్బు ఎవరిదైనా మందు మింగాల్సింది విద్యార్థే. ఇన్ని ప్రశ్నల్లోనూ ఎవరూ అడగనిది ఒకటుంది: ఆ ఫైలు ఎన్ని ఎంబీలు?

పోనీ కాష్ క్లియర్ చేస్తే ఏమవుతుంది? కొత్త ఫైలు దిగే వేగం పెరగదు. ఇదివరకే దిగి ఫోన్‌లో దాచిపెట్టుకున్న లోగోలు, బొమ్మలు, పేజీ సరంజామా అంతా చెరిగిపోయి, వాటినీ మళ్లీ దించుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు ఫైలు సంగతి. థర్మోడైనమిక్స్, మూడో యూనిట్. సారు చేతిరాత నోట్సు, 60 పేజీలు. స్టాఫ్ రూమ్ బల్ల మీద పరిచి, ఒక్కో పేజీకీ ఫోన్‌తో ఫొటో కొట్టి, ఏదో యాప్‌లో వేసి పీడీఎఫ్ చేశారు. పేజీ అంచున సారు బొటనవేలు, పక్కన టీ మరక, కింద బల్ల సన్‌మైకా డిజైను అన్నీ పూర్తి రంగుల్లో, 12 మెగాపిక్సెళ్ల స్పష్టతతో దిగాయి. పేజీకి 3 ఎంబీ లెక్కన మొత్తం 180 ఎంబీ. అవే పేజీల్ని నలుపు తెలుపులో స్కాన్ చేసి ఉంటే పేజీకి 100 కేబీ చాలు, అంతా కలిపి 6 ఎంబీ. ఫార్ములాలు ఒక్కటీ తగ్గవు. బొటనవేలికి మాత్రం కాస్త అన్యాయం జరుగుతుంది.

ఇలాంటి బరువును గుమ్మంలోనే ఆపడానికి కాపలా లేక కాదు. ఈ పోర్టళ్లలో చాలావాటికి ఆధారమైన పీహెచ్‌పీ, ఒక్క ఫైలు 2 ఎంబీకి మించి ఎక్కకూడదన్న డీఫాల్ట్ హద్దుతోనే వస్తుంది. మరీ పిసినారి హద్దే. పెంచక తప్పదు. కానీ పెంచిన తీరు చూడాలి. హెచ్‌ఓడీ గారి ఫైలు ఓ రోజు ఎక్కలేదు. ఆయన ఐటీ సెల్‌కు ఫోన్ చేశారు. కాష్ క్లియర్ చేశారా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. టీ తాగి వచ్చేలోపు హద్దు 500 ఎంబీ అయిపోయింది.

ఇక లెక్కకొద్దాం. సెకనుకు 2 మెగాబిట్లు దిగితే చాలు, అది బ్రాడ్‌బ్యాండేనని 2023 జనవరిలో కేంద్రం నిర్వచనం మార్చింది. అంతకుముందు 512 కిలోబిట్లకే ఆ హోదా ఉండేది. రీచార్జ్ ప్రకటనలు మెగాబిట్లలో మాట్లాడతాయి, ఫైళ్లు మెగాబైట్లలో ఉంటాయి, బైటుకు 8 బిట్లు. అంటే సారు నోట్సు 1,440 మెగాబిట్లు. చట్టబద్ధమైన కనీస బ్రాడ్‌బ్యాండ్ మీద, మధ్యలో ఎక్కడా తెగకపోతే, 12 నిమిషాలు. అది ఒక్కడికి. ఇంటర్నల్స్ ముందురోజు రాత్రి ఆరు సెక్షన్ల పిల్లలు, 360 మంది, ఒకేసారి మీద పడితే? కాలేజీ సర్వరుకు 100 ఎంబీపీఎస్ లైను ఉందనుకుని, అది పూర్తిగా ఈ పనికే అంకితమైందనుకున్నా, అందరికీ అందేసరికి దాదాపు గంటన్నర. 6 ఎంబీ ఫైలైతే మూడు నిమిషాల లోపే.

మధ్యలో స్పీడ్ టెస్ట్ చేసి ‘‘80 చూపిస్తోంది సార్, నెట్ బాగానే ఉంది’’ అని స్క్రీన్‌షాట్ పంపే అమాయకులూ ఉంటారు. స్పీడ్ టెస్ట్ మామూలుగా దగ్గర్లోని సర్వరును వెతుక్కుని అక్కడికే వేగం కొలుస్తుంది. దానికి కాలేజీ సర్వరు గదిలోని కష్టాలు తెలియవు. ఆ స్క్రీన్‌షాట్‌కు ఐటీ సెల్ సమాధానం: ‘‘అయితే మీ ఫోన్‌లో ప్రాబ్లం.’’

నిజానికి అసలు కథ ఆ సర్వరు గదిలోనే ఉంది. మన కాలేజీల్లోనూ బాగా కనిపించే మూడుల్ అనే వేదికను ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూజియామస్ తయారుచేశారు. మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. ఆయన బాల్యం పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతంలో గడిచింది. పాఠాలు షార్ట్‌వేవ్ రేడియోలో వినేవారు, పుస్తకాలూ కాగితాలూ విమానంలో వచ్చేవి. ఆ విమానం ఎన్నాళ్లకొచ్చినా 99 శాతం దగ్గర గాల్లో ఆగిపోయేది కాదు.

మూడుల్‌లో ఫైలు నొక్కగానే అది నేరుగా బయటికి రాదు. ఈ విద్యార్థి ఈ కోర్సులో ఉన్నాడా, చూసే హక్కుందా అని ఒక పీహెచ్‌పీ ప్రోగ్రాం ముందు తనిఖీ చేస్తుంది. అది అవసరమే. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది: తనిఖీ చేసిన ప్రోగ్రామే 180 ఎంబీలనూ చదివి పంపే పనీ నెత్తినేసుకుంటుంది. టికెట్ చూసిన కండక్టరే ప్రయాణికుణ్ణి భుజాన మోసి ఊళ్లో దింపి రావడమన్నమాట. ఇలాంటి కండక్టర్లు ఎందరుండాలో సెట్టింగుల్లో రాసి ఉంటుంది. ఈ ప్రోగ్రాములను నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంతో వచ్చే నమూనా ఫైల్లో ఆ అంకె 5. ఎవరూ మార్చకపోతే ఆరోవాడు గుమ్మంలో నిలబడాలి. వాడి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ ఉంటుంది. వాడు కాష్ క్లియర్ చేస్తూ ఉంటాడు.

దీనికి మందు లేకపోలేదు. తనిఖీ అయ్యాక మోత పనిని వెబ్ సర్వరుకు అప్పగించే ఎక్స్-సెండ్‌ఫైల్ అనే ఏర్పాటు మూడుల్‌లో ఉంది. దాని తాలూకు వరుసలు నమూనా కాన్ఫిగ్ ఫైల్లోనే, ముందు రెండు గీతలు పెట్టించుకుని, నిద్రపోతుంటాయి. వెబ్ సర్వరు వైపు కూడా కొంత సర్దాలి, అదేమంత బ్రహ్మవిద్య కాదు. కాకపోతే ఆ పని చేయాల్సింది ఐటీ సెల్. అందుకే అది ట్రబుల్‌షూటింగ్ జాబితాలోకి ఎక్కదు.

ఆ జాబితా లేని కాలంలో ఏం చేసేవారో చెప్పడానికి 1986 అక్టోబరు ఒక్కటి చాలు. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ పక్కనే ఉన్న బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య, నాలుగు వందల గజాల దూరంలో, సెకనుకు 32 వేల బిట్ల వేగం ఉన్నట్టుండి 40 బిట్లకు పడిపోయింది. 40 బిట్లంటే 5 బైట్లు. నేటి యూనికోడ్ (యూటీఎఫ్-8) లెక్కలో ‘అమ్మ’ అని పంపడానికి 12 బైట్లు కావాలి. పిలుపు పూర్తయ్యేసరికి దాదాపు రెండున్నర సెకన్లు గడిచేవి. వాన్ జాకబ్సన్, మైఖేల్ కరెల్స్ అనే ఇద్దరు దీని వెంటపడ్డారు. యంత్రాలు రద్దీ గమనించకుండా, అందలేదనుకున్న ప్యాకెట్లనే పదేపదే కుమ్మరిస్తూ దారిని ఇంకా మూసేస్తున్నాయని తేల్చారు. డేటా పంపే నియమావళి అయిన టీసీపీ పనితీరునే సవరించి, ఆ సంగతులన్నీ 1988లో పరిశోధన పత్రంగా రాశారు. ఆ పత్రం ఇప్పటికీ నెట్‌వర్కింగ్ సిలబస్‌లో ఉంటుంది. మన ఐటీ సెల్ వారు కూడా పరీక్షకు అది చదివే పాసయ్యారు.

డౌన్‌లోడ్ బెడద తెలిసి దాన్ని తప్పించుకున్న సందర్భమూ ఉంది. 2017-18 జాతీయ నమూనా సర్వేలో దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 15 శాతమే. 2020 సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వం, కరోనాతో బడులు మూతపడి ఇంటి దగ్గరున్న పిల్లలకు పాఠాలు మొదలుపెట్టినప్పుడు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లను ఆశ్రయించింది. టీవీలో సందేహం అడగడానికి వీల్లేదు, వెనక్కి తిప్పడానికి వీల్లేదు. అయినా పాఠానికి బొటనవేలి బరువు లేదు.

థర్మోడైనమిక్స్ నోట్సు చివరికి పిల్లలకు అందకపోలేదు. హాస్టల్లో ఒకడు రాత్రి రెండు గంటలకు లైను ఖాళీగా ఉన్నప్పుడు దించి, ఉచిత యాప్‌లో 8 ఎంబీకి కుదించి, క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేశాడు. ఉదయానికల్లా సెక్షన్ మొత్తం చదివేసింది. సారు కూడా ‘‘ఆ చిన్న కాపీ నాకూ పంపరా’’ అని తీసుకున్నారు.

సెమిస్టర్ చివర, కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందం రాకకు ముందు, పోర్టల్ వాడకం నివేదిక తీశారు. మూడో యూనిట్ ఫైలు తెరిచింది 60 మందిలో ఒక్కడేనని లాగ్ చూపించింది. కమిటీ కూర్చుని, విద్యార్థుల్లో డిజిటల్ బోధన పట్ల ఆసక్తి లోపించిందని నిర్ధారించింది. మిగతా 59 మందీ సంజాయిషీ రాసి, తండ్రి సంతకం చేయించి, రంగుల్లో స్కాన్ చేసి, శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా అదే పోర్టల్లో అప్‌లోడ్ చేయాలని సర్క్యులర్ వెళ్లింది.