సెల్ఫ్ డిస్మిస్: ఒక పరిచయం

ఉద్యోగం ఊడాలంటే మామూలుగా తీసేసే యజమాని ఉండాలి, నోటీసుండాలి, విచారణ జరగాలి. ఇవేవీ అక్కర్లేని పద్ధతిని 2019 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం కనిపెట్టింది. సద్దుల బతుకమ్మకు ముందురోజు, 5న, ఆర్టీసీ కార్మికులు ప్రభుత్వంలో విలీనం సహా 26 డిమాండ్లతో సమ్మెకు దిగారు. సాయంత్రం 6లోగా డిపోకు రానివాళ్లు తమను తామే తీసేసుకున్నట్టని ముఖ్యమంత్రి కేసీఆర్ తేల్చారు. దాదాపు 48 వేల మంది ‘సెల్ఫ్ డిస్మిస్’ అయ్యారు. సెప్టెంబర్ జీతమూ ఆగింది. దాన్నీ కార్మికులే ఆపుకున్నారని మాత్రం ఎవరూ అనలేదు.

కెమెరాలకు బస్టాండులో మూటలతో నిలబడ్డ ప్రయాణికుడు దొరికాడు. 2011 సకల జనుల సమ్మెలో ఇవే బస్సులు ఆగినప్పుడూ అతడు అక్కడే ఉన్నాడు. కాకపోతే అప్పుడు ఉద్యమకారుడు, ఇప్పుడు బాధితుడు.

బస్సే దిక్కైన ఊళ్లలో నెల్లికుదురు ఒకటి; దానికి రైలు లేదు. మహబూబాబాద్, తొర్రూరు మధ్య బస్సు తప్పితే ఆటోయే, అదీ డ్రైవర్‌కు చెరోపక్క ఒకరు వేలాడుతూ. సమ్మెలో బస్సులు నడపడానికి తీసుకున్న తాత్కాలిక డ్రైవర్‌కు రోజుకు 1,500, కండక్టర్‌కు 1,000 రూపాయలన్నారు. తొలిరోజుల్లో చాలా బస్సుల్లో టికెట్ మిషన్ లేదు; కండక్టర్ నోటికొచ్చిందే చార్జీ. డిపో గేటు దగ్గర ఉద్యోగం పోయినవాడూ, ఉద్యోగం రానివాడూ ఎదురుబొదురుగా నిలబడ్డారు. బస్సులు బాగానే తిరుగుతున్నాయని చెబుతూనే ప్రభుత్వం బడులకు దసరా సెలవులు 19 దాకా పొడిగించింది. అదే రోజు రాష్ట్రం బంద్ పాటించింది. డిపోల ముందు వంటావార్పులు సాగాయి. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. ఈ పద్ధతి లెక్కల్లో అలాంటి పద్దు లేదు.

సిద్ధాంతంలో చిక్కు నవంబర్ 25న సమ్మె విరమించాక బయటపడింది. తమను తాము తీసేసుకోగలిగినవాళ్లు తమను తాము చేర్చుకోగలగాలి కదా. మర్నాడు అలాగే డ్యూటీకి వెళ్తే పోలీసులు గేటు దగ్గరే ఆపారు. తీసేసుకోవడం కార్మికుడి ఇష్టం, చేర్చుకోవడం ఏలినవారి దయ అన్నమాట. ఆ దయ 28న కలిగింది. డిసెంబర్ 1న ప్రగతి భవన్‌లో భోజనం పెట్టి, సమ్మె కాలానికి జీతమిస్తామని, రిటైర్మెంట్ వయసు 60కి పెంచుతామని చెప్పారు. తమను తీసేసుకుని కూర్చున్న రోజులకు జీతమన్నది పద్ధతిలో రెండో విశేషం.

సమ్మె ముగిశాక బస్సు చార్జీ కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. ఈసారి ప్రయాణికుడి పాట్లకు అంత చోటు దొరకలేదు. జరిగే పని కాదన్న విలీనానికి అదే ప్రభుత్వం 2023 ఆగస్టులో, ఎన్నికల ముందు, అసెంబ్లీలో బిల్లు ఆమోదింపజేసుకుంది.