నేను గజ్జల్లో బిళ్ళని

నేను గజ్జల్లో ఉండే బిళ్ళని. పుస్తకాల్లో శోషరస గ్రంథి అని రాస్తారు, డాక్టర్లు లింఫ్ నోడ్ అంటారు. మామూలు రోజుల్లో చిక్కుడు గింజంత ఉంటాను. ఈ ఒంట్లో నాలాంటివాళ్ళం సుమారు 600 మందిమి: మెడలో, చంకల్లో, పొట్టలో పేగుల వెంబడి. నా వంతుకొచ్చింది కాలు. భీమవరం దగ్గర ఒక పల్లెలో ఊడ్పులకెళ్ళే ఆడమనిషి కుడికాలు.

రక్తంలోంచి కొంత నీరు సన్నటి నాళాల గోడలు దాటి కండల్లోకి ఊరుతూ ఉంటుంది. అక్కడ మిగిలిపోయిన నీరు, రోజుకు సుమారు 3 లీటర్లు, శోషరసంగా మళ్ళీ రక్తంలోకి చేరాలి. దాన్ని తోయడానికి మాకు గుండె లేదు. నాళాలు వాటంతటవే ముడుచుకుంటాయి, నడిచినప్పుడు పిక్కల కండలు నొక్కుతాయి, వెనక్కి జారకుండా లోపల కవాటాలు ఆపుతాయి. దారిలో ఆ రసమంతా మాలోంచే వడకట్టుకుని పోవాలి. అందుకే పాదానికి ఏం జరిగినా కబురు ముందు నాకే చేరుతుంది.

ఒక సార్వా ఊడ్పుల్లో ఆమె అరికాల్లో నత్తగుల్ల దిగింది. బురదతోపాటు బ్యాక్టీరియా కూడా లోపలికి పోయింది. గంటల్లోనే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు రక్తంలోంచి బయటికొచ్చి దాన్ని మింగడం మొదలుపెట్టాయి. మింగి అవీ చచ్చాయి. గాయంలో చేరిన చీములో ఎక్కువ భాగం వాటి శవాలే. ఇంతలో చర్మంలో కాపు కాసే డెండ్రైటిక్ కణాలు చిక్కిన బ్యాక్టీరియాను ముక్కలు చేసి, ఆ ముక్కల్ని ఒంటికి తగిలించుకుని, రసం వెంట నా దగ్గరికి వచ్చాయి.

నాలో టి కణాలు ఎప్పుడూ వచ్చి పోతూ ఉంటాయి. ఒక్కోదానికి పుట్టుకతో ఒక రకం ఆకారాన్నే పట్టే గుణం ఉంటుంది. రొమ్ము ఎముక వెనక థైమస్‌లో తయారయ్యేవాటిలో నూటికి 95కు పైగా అక్కడే చచ్చిపోతాయి. దేన్నీ గుర్తుపట్టలేనివీ, సొంత ఒంటి మీదికే వెళ్ళేవీ బయటికి రాకూడదు కదా. మిగిలినవి ఒక బిళ్ళలో కాసేపు వెతికి, తమకు సరిపడే ముక్క కనపడకపోతే ఇంకో బిళ్ళకు పోతాయి. ఆ రోజు నాలోకి వచ్చిన ఏ కొద్ది కణాలకో సరిపడే ముక్క దొరికింది. అవి ఆగిపోయాయి. ఒకటి రెండై, రెండు నాలుగై వేలకు చేరాయి. వాటి సాయంతో బి కణాలూ పెరిగాయి. అవి తమను తాము మార్చుకుంటూ పోతే, బ్యాక్టీరియాను గట్టిగా పట్టేవే బతికాయి. వారం తిరిగేసరికి వాటిలోంచి వచ్చిన ప్లాస్మా కణాలు ఒక్కొక్కటీ సెకనుకు వేల యాంటీబాడీలు వదిలాయి. ఇంత జనం నాలో చేరితే నేను వాచనా? వాచాను, నొప్పెట్టాను, ఆమెకు జ్వరం కూడా వచ్చింది.

పక్కింటావిడ ఆముదం తెచ్చి బిళ్ళను నలుపుతానంది. దెబ్బ తగిలినామె అత్తగారు ఒప్పుకోలేదు. "బిళ్ళ కట్టిందంటే కాల్లో ఎక్కడో దెబ్బుంటాది. ముందు అది చూసుకో అమ్మా" అంది. ఆ మాట నా పనిని సరిగ్గా చెప్పిన మాట. గాయం కడిగి కట్టు కట్టారు, భుజానికి టీటీ సూది వేశారు. ఆ సూది మందు పాఠం నేర్చుకున్నది చంకలోని నా తోటి బిళ్ళలు. గాయం మానింది, నేను తగ్గాను. ఆ బ్యాక్టీరియాను గుర్తుంచుకున్న కణాలు కొన్ని మాత్రం మిగిలాయి.

నొప్పిపెట్టే శత్రువుతో నాకు భయం లేదు. అలికిడి లేకుండా వచ్చేదే నన్ను దెబ్బతీసింది. మురికి నీట్లో పెరిగే క్యూలెక్స్ దోమలు పదేపదే కుట్టి, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లల్ని ఆమె చర్మం మీద వదిలాయి. అవి లోపలికి దూరి, నాకు రసం తెచ్చే నాళాల్లోనే కాపురం పెట్టాయి. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది, దారమంత సన్నం. ఆరేడేళ్ళు బతుకుతుంది, లక్షల పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు రాత్రి దోమలు కుట్టే వేళకే రక్తంలో పైకి వస్తాయి. అన్నేళ్ళూ ఆ పురుగులు నాలోని కణాల్ని జోకొట్టాయి. పోరాటాన్ని అదుపులో పెట్టే కణాలు మాలో ఉన్నాయి. వాటినే పురుగులు పెంచుకున్నాయి. ఆమెకు జ్వరం లేదు, వాపు లేదు, అనుమానమే లేదు. లోపల నాళాలు సాగి, కవాటాలు చెడిపోతున్నాయి.

ఒక రాత్రి పొద్దుపోయాక రక్తపరీక్షవాళ్ళు వచ్చి వేలిమీద పొడిచి రక్తపు చుక్క తీసుకెళ్ళారు. అద్దంమీద పురుగు పిల్లలు కనిపించాయి. ఆశా కార్యకర్త ఫైలేరియాకు ఇచ్చే డీఈసీ మాత్రలు మూడు, ఆల్బెండజోల్ ఒకటి తెచ్చి, "ఈ డీఈసీ కనిపెట్టింది మన భీమవరంలో పుట్టినాయనే" అని చెప్పింది. నిజమే. 1895లో ఇక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1940లలో తయారుచేసిన మందు అది. ఆయన 1948లో న్యూయార్క్‌లో పోయారు. తన ఊరి కాళ్ళను కాపాడే మందు ఇచ్చి, ఆ ఊరు మళ్ళీ చూడకుండానే పోయారంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

మాత్రలు మింగిన రోజు ఆమెకు జ్వరం, తలనొప్పి, తల తిరుగుడు. ఊళ్ళో చాలామంది ఇది చూసే మాత్రలు పారేస్తారు. ఆ జ్వరం మాది. డీఈసీ ఒంట్లోని తెల్లకణాల తోడుతోనే బాగా పనిచేస్తుంది. చచ్చే పురుగు పిల్లల మీద అంతకాలం ఊరుకున్న కణాలన్నీ ఒక్కసారి లేస్తే వచ్చే జ్వరం ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పెద్ద పురుగులు మాత్రం ఒక్క ఏడాదితో పోవు, అందుకే ఏటా మింగాలి.

చెడిన కవాటాలు మళ్ళీ రాలేదు. సాయంత్రానికి ఆమె చీలమండ దగ్గర కాస్త వాపు వస్తుంది, పడుకుంటే పొద్దుటికి తీస్తుంది. రసం సరిగా కదలని కాలికి చిన్న గాయమైనా ప్రమాదమే, ఎందుకంటే కబురు నాకు ఆలస్యంగా అందుతుంది. వేళ్ళ సందుల్లో ఒరుపుల నుంచి బ్యాక్టీరియా దూరి జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకొంచెం పెరుగుతుంది. బోదకాలు అలా ముదురుతుంది. అందుకే ఆమె రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు పొడిబట్టతో తుడిచి, పడుకునేటప్పుడు కాలికింద దిండు పెట్టుకుంటోంది. వాపు అక్కడే ఆగింది.

మీ వీధికి మాత్రలు తెచ్చినప్పుడు, "నాకేం జబ్బు లేదు కదా" అని పక్కన పెట్టకండి. గర్భిణులూ, రెండేళ్ళలోపు పిల్లలూ, మంచాన పడ్డవాళ్ళూ తప్ప అందరూ అన్నం తిన్నాక, తెచ్చినవాళ్ళ ఎదురుగానే మింగండి. రాత్రి దోమతెర కట్టుకోండి. గజ్జల్లో బిళ్ళ కడితే నలపకండి, కాలు చూసుకోండి. దెబ్బేమీ లేకుండా బిళ్ళ వారాల తరబడి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.